షిర్లీ హార్న్ పాటలో తొందర ఉండదు

శ్రోతలకు నమస్కారం.

జాజ్ అనగానే చాలామందికి బాకాలు, శాక్సఫోన్లు, ఒకటే హడావుడి గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయే జాజ్‌లో ఆ హడావుడి లేదు. ఒక గొంతు, ఒక పియానో, అడుగు స్వరాలు పలికే బేస్ అనే తీగ వాయిద్యం, డ్రమ్స్. అంతే. గొంతు పక్కన పెడితే మిగిలిన ఆ మూడింటినీ కలిపి పియానో ట్రియో అంటారు. పాడే పాటలు కూడా కొత్తవి కావు. ఎక్కువగా 1920ల నుంచి 50ల దాకా అమెరికాలో నాటకాల కోసం, సినిమాల కోసం కట్టినవి. ఆ నాటకాల్లో చాలావాటిని జనం మర్చిపోయారు, పాటల్ని మాత్రం వదల్లేదు. వాటికే స్టాండర్డ్స్ అని పేరు.

అదే పాటను ఎంతోమంది పాడితే విసుగు రాదా? మన పౌరాణిక నాటకాలు చూసినవాళ్లు ఈ ప్రశ్న వెయ్యరు. రాయబారం పద్యాలు పల్లెల్లో పిల్లలకు కూడా నోటికొచ్చేవి. అయినా జనం తెల్లవార్లూ కూర్చునేవారు. ఈయన ఈ పద్యం ఎక్కడ ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు లాగుతాడు, హార్మోనియం ఆయన వెనక ఎలా నడుస్తుంది, ఇదీ వాళ్ల ఆసక్తి. స్టాండర్డ్ వినేవాళ్ల ఆసక్తీ అదే. అయితే పద్యం పాడే మనిషే హార్మోనియం కూడా వాయించుకుంటే ఎలా ఉంటుంది? షిర్లీ హార్న్ అలాంటి మనిషి. పాడుతూ తనే పియానో వాయించుకునేవారు. నాకిచ్చిన కొద్ది సమయంలో ఆవిడ గురించే చెప్తాను.

ఆవిడ 1934లో వాషింగ్టన్‌లో పుట్టారు. నాలుగేళ్లకే పియానో ముందు కూర్చున్నారు. పాట సంగతి తర్వాత వచ్చింది, అదీ ఒక బొమ్మ కోసం. ఈ కథ ఆవిడే చెప్పారు. 17 ఏళ్ల వయసులో ఒక చోట రాత్రి భోజనాల వేళ పియానో వాయిస్తుండేవారు. అక్కడికి రోజూ భోజనానికి వచ్చే ఒక పెద్దాయన, క్రిస్మస్ దగ్గర పడ్డప్పుడు, దాదాపు ఈ అమ్మాయంత ఎత్తున్న టెడ్డీ బేర్ తెచ్చి చీటీ పంపాడట. మై మెలాంకలీ బేబీ పాట పాడితే ఈ బొమ్మ నీదే, అని. అమ్మాయికి నలుగురిలో పాడాలంటే మహా సిగ్గు. కానీ బొమ్మ కావాలి. పాడేసింది.

1960లో ఎంబర్స్ అండ్ యాషెస్ అనే మొదటి రికార్డు వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందిలో ఒకాయన ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్. ఆనాటికి జాజ్‌లో ఆయన మాటకు తిరుగు లేదు. ఆయన ఫోన్ చేసి న్యూయార్క్ రమ్మంటే, ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నారట ఈవిడ. తీరా వెళ్తే మైల్స్ ఇంట్లో పిల్లలు ఈవిడ రికార్డులోని పాటలు పాడుతున్నారు! అప్పుడు నమ్మకం కుదిరింది. విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో తన కచేరీకి ముందు ఈవిడ పాడాలని మైల్స్ పట్టుబట్టాడు. ఈమె పాడకపోతే నేనూ వాయించను అని క్లబ్బు యజమానికి తెగేసి చెప్పాడు.

ఇంకేం, పెద్ద కంపెనీ పిలిచింది. 1963లో మెర్క్యురీ కంపెనీకి రికార్డులు చేశారు. నాకు ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. ఆ రికార్డుల్లో ఆవిడను పియానో దగ్గర కూర్చోనివ్వలేదు. మీరు నిలబడి పాడండి చాలు, వాయించడానికి వేరేవాళ్లున్నారు అన్న పద్ధతి. వాయించినవాళ్లు సామాన్యులేమీ కారు, హేమాహేమీలు. రికార్డులు వినడానికి బాగానే ఉంటాయి. కానీ అందులో ఉన్నది సగం షిర్లీ హార్నే. ఆవిడకూ నచ్చలేదు. చిన్న కూతురు, ఇల్లు, సంసారం చూసుకుంటూ వాషింగ్టన్‌లోనే ఉండిపోయారు. ఊళ్లోని క్లబ్బుల్లో పాడుకుంటూ చాలా ఏళ్లు గడిపేశారు.

తిరిగి లోకం కంట పడింది 1980లలో. ఈసారి షరతులు ఆవిడవి. పియానో తనే. బేస్ మీద చార్లెస్ ఏబుల్స్, డ్రమ్స్ మీద స్టీవ్ విలియమ్స్. ఏళ్ల తరబడి అదే ట్రియో, మనుషులు మారలేదు. 1987లో హాలీవుడ్‌లోని ఒక క్లబ్బులో, జనం ముందే రికార్డు చేసిన ఆల్బం పేరు ఐ థాట్ అబౌట్ యూ. ఏబుల్స్ వాయించేది ఎలక్ట్రిక్ బేస్. జాజ్‌లో నిలువెత్తు చెక్క బేసే ఉండాలనే ఛాందసులు కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈవిడ పాట నెమ్మది. ఎంత నెమ్మదంటే, మొదటిసారి విన్నవాళ్లకు టేప్ ఆగిపోయిందేమో అని అనుమానం వస్తుంది. ఒక మాట అంటారు. ఆగుతారు. పియానో మీద రెండు మూడు స్వరాలు కలిపి మెల్లగా నొక్కుతారు. మళ్లీ ఆగుతారు. తర్వాతి మాట రావాల్సిన చోట రాదు, కాస్త ఆలస్యంగా వస్తుంది. గాయని ఒకరు, వాయించేవారు ఒకరు అయితే ఇది కష్టం. ఈమె ఎప్పుడు అందుకుంటుందో అని వాయించేవాడికి టెన్షన్, ఆ టెన్షన్‌లో ఖాళీ కనబడితే చాలు స్వరాలతో నింపేస్తాడు. ఇక్కడ గొంతుకు, చేతికి నిర్ణయం ఒకే చోట జరుగుతోంది. అందుకే ఆ ఖాళీని ఖాళీగా వదలగలరు.

మరి డ్రమ్స్ వాయించేవాడి ధైర్యం చూడండి. అంత నెమ్మది నడకలో దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడు చోటు. చేతులు ఊరుకోవు. విలియమ్స్ కర్రలకు బదులు బ్రష్షులతో డ్రమ్ముల మీద మెత్తగా రాస్తూ ఊరుకుంటాడు.

1991లో వచ్చిన యూ వోంట్ ఫర్‌గెట్ మీ ఆల్బంలో, ఆ పేరున్న పాటకు మైల్స్ వచ్చి ట్రంపెట్ వాయించాడు. గాయనీ గాయకుల పక్కన వాయించడం ఆయనకు అలవాటే లేదు. ఈవిడ కోసం వచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన చనిపోయాడు. తర్వాత ఆయన జ్ఞాపకంగా చేసిన ఐ రిమెంబర్ మైల్స్ ఆల్బంకు ఈవిడకు గ్రామీ అవార్డు వచ్చింది.

చివరి ఏళ్లలో మధుమేహం ఆవిడ పాదాన్ని తీసుకుపోయింది. పియానోకు కింద పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కితేనే, వేలు తీశాక కూడా స్వరం సాగుతుంది. నెమ్మదిగా పాడే మనిషికి ఆ సాగే స్వరమే ఆధారం. 2003 ఆల్బంలో పియానో ముందు వేరేవాళ్లు కూర్చున్నారు, ఆవిడ పాడారు. ఆ మరుసటి ఏడాది పట్టుబట్టి మళ్లీ పియానో ముందుకొచ్చి, న్యూయార్క్‌లో ఒక కచేరీ రికార్డు చేశారు. అది ఆవిడకే నచ్చలేదు, కొన్ని పాటలు తప్ప మిగతాది విడుదల కాలేదు. 2005 అక్టోబరులో కన్నుమూశారు.

కొత్తగా వినేవాళ్లకు ఒక్క సలహా ఇచ్చి సెలవు తీసుకుంటాను. మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లీషు మాటలు అర్థం కావట్లేదని కంగారు పడకండి. చెవి బేస్ మీద పెట్టండి. అడుగున గుమ్ గుమ్మని వినబడుతుంది చూడండి, అదే. గొంతు ఆగినా, పియానో ఆగినా బేస్ నడుస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకుంటే, ఎంత నెమ్మది పాటలోనైనా దారి తప్పరు. రెండోసారి గొంతు వినండి. మూడోసారి, ఆవిడ పాడనప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో వినండి. ఒకే పాట, మూడుసార్లు. ఫోన్ చిన్న స్పీకర్లో బేస్ సరిగ్గా వినబడదు కాబట్టి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. 1987 నాటి క్లబ్బు ఆల్బంతోనే మొదలుపెట్టండి. హియర్స్ టు లైఫ్ అని వయొలిన్ల బృందంతో చేసిన ఆల్బం ఇంకా పేరున్నదే, కానీ దాన్ని తర్వాతికి ఉంచుకోండి. నమస్కారం.