ముందు తలుపున్న ప్రతిదీ ఇసెట్టా కాదు

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, ఆల్బములు వెంట తెచ్చుకున్న మీ అందరికీ నమస్కారం. పాత ఫోటోల్లో కనిపించే అరుదైన మైక్రోకార్లను, అంటే బుల్లి కార్లను, ఎలా గుర్తుపట్టాలో చెప్పమన్నారు. బాడీ, చక్రాలు, నంబరు ప్లేటు అని వరసగా చెప్పుకుపోవచ్చు. కానీ ఒక మాట ముందే చెప్పుకోకపోతే మిగతాదంతా వృథా.

దయచేసి ఫోటోను బాగుచేయకండి. ఉన్నదున్నట్టు స్కాన్ చేయండి. మామూలు ప్రింటైతే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), బాగా చిన్న ప్రింటైతే 1200, నెగటివ్ అయితే 2400కి తగ్గొద్దు. టిఫ్ ఫైలుగా దాచండి. నాలుగంచులూ స్కానులో పడాలి, వెనకవైపు కూడా పడాలి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, ఎవరో పెన్సిలుతో రాసిన సంవత్సరం ఉండేది అక్కడే. ఇప్పుడు మసక ఫోటోను పదునుపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. అవి దాగి ఉన్న వివరాన్ని వెలికితీయవు, ఉండొచ్చని ఊహించినదాన్ని గీసిపెడతాయి. మెసర్‌ష్మిట్ కేఆర్200 అనే మూడు చక్రాల బుల్లి కారునే తీసుకోండి. 1957లో ఎఫ్ఎంఆర్ సంస్థ చేతికి వెళ్లాక ముక్కు మీది పక్షి గుర్తు పోయి మూడు వజ్రాల గుర్తు వచ్చింది. ఫోటోలో అది మూడు నాలుగు చుక్కలంత ఉంటుంది. ఆ చుక్కల్ని యంత్రం పక్షిగా దిద్దిందంటే మీ తేదీ తప్పుతుంది, ఎందుకు తప్పిందో కూడా ఎప్పటికీ తెలియదు.

ఇక ఇసెట్టా సంగతి. ముందుభాగమే తలుపుగా తెరుచుకునే బుల్లి కారు అది. ముందు తలుపు కనిపిస్తే చాలు, కింద 'ఇసెట్టా' అని రాసేస్తున్నారు. అలాగే ముందు తలుపున్న హైంకెల్ కాబినే అనే మరో కారు ఫోటోలు ఎన్నో ఆ పేరుతోనే తిరుగుతున్నాయి. తలుపు తెరిచి ఉన్న ఫోటో దొరికితే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. స్టీరింగు తలుపుతోపాటు బయటికి వస్తే ఇసెట్టా, లోపలే నిలిచిపోతే హైంకెల్. తలుపు మూసి ఉంటే కొలతే దిక్కు.

ఇరుసుల మధ్య దూరాన్ని టైరు ఎత్తుతో భాగించండి. బీఎండబ్ల్యూ ఇసెట్టాకు ఇరుసుల మధ్య 1500 మి.మీ., 10 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి దాదాపు 500 మి.మీ. అంటే 3. హైంకెల్‌కు 1760 మి.మీ., టైరు కొంచెం సన్నం, దాదాపు 475. అంటే 3.7. మెసర్‌ష్మిట్ కేఆర్200కు 2027 మి.మీ., 8 అంగుళాల బుల్లి చక్రాలు, కాబట్టి 4.9 దాకా పోతుంది. టైరు అరుగుదల, గాలి తగ్గుదల వల్ల కొంచెం అటూఇటూ అవుతుందే తప్ప 3 కాస్తా 3.7 కాదు.

కారు ఏటవాలుగా నిలబడి ఉంటే? తిప్పి లేని చక్రాన్ని ఎంచుకోండి. ఫోటోలో దాని ఎత్తు 30 మి.మీ., వెడల్పు 24 మి.మీ. ఉందనుకోండి. 24ను 30తో భాగిస్తే 0.8. ఇరుసుల మధ్య ఫోటోలో 72 మి.మీ. వస్తే, దాన్ని 0.8తో భాగిస్తే 90. 90ను 30తో భాగిస్తే 3. ఇసెట్టా. వెనక చక్రం పైభాగాన్ని బాడీ కప్పేస్తే నేల నుంచి చక్రం మధ్య వరకు కొలిచి రెట్టింపు చేయండి. ఒక్కటే వెనక చక్రం ఉన్న బండిలో అది నడిమధ్యన, కెమెరాకు ఇంకాస్త దూరంగా ఉంటుంది కాబట్టి చిన్నగా పడుతుంది. ముందు చక్రాన్నే కొలవండి. మరీ దగ్గర నుంచి తీసిన ఫోటోకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇసెట్టా అని తేలాక ఏ ఇసెట్టా? 1953లో ఇటలీలో ఈసో సంస్థ మొదలుపెట్టింది. 1955 నుంచి బీఎండబ్ల్యూ, ఫ్రాన్సులో వెలామ్, 1956 నుంచి బ్రెజిల్‌లో రోమీ తయారుచేశాయి. స్పీడోమీటరు స్టీరింగు మధ్యలో ఉంటే వెలామ్. బీఎండబ్ల్యూ పక్క కిటికీలు 1956 అక్టోబరు దాకా ఉబ్బెత్తుగా ఉండేవి, తర్వాత పొడవాటి జారుడు అద్దాలు వచ్చాయి.

ఇక్కడే పెద్ద మోసం ఒకటుంది. నెగటివ్‌ను తిరగేసి ప్రింటు తీస్తే ఎడమ కుడి అవుతుంది. జర్మన్ ఇసెట్టా తలుపు కీలు కారుకు ఎడమవైపు, అంటే లోపల కూర్చున్నవాళ్ల ఎడమవైపు. బ్రైటన్‌లో తయారైన కుడి స్టీరింగు ఇసెట్టాకు కుడివైపు. తిరగబడిన జర్మన్ ఫోటో అచ్చం బ్రిటిష్ కారులాగే కనిపిస్తుంది! పట్టుకునేది ఇంజను మూతతో. ఇంజను రెండింట్లోనూ కుడివైపే. డ్రైవరూ ఇంజనూ ఒకే పక్కన పడ్డాయనే బ్రిటిష్ కారులో ఎడమవైపు బరువు కూడా పెట్టారు. మూత కారుకు ఎడమన కనిపిస్తే ఫోటో తిరగబడిందని అర్థం. మెసర్‌ష్మిట్ పైకప్పు కూడా కుడివైపు కీలు మీదే తెరుచుకోవాలి.

మెసర్‌ష్మిట్‌లో ముందు మడ్‌గార్డులు చక్రాన్ని కప్పేస్తే 1953-55 నాటి కేఆర్175, చక్రానికి చోటిస్తూ కోసి ఉంటే కేఆర్200. కేఆర్175లా ఉండి ఇటలీ ప్లేటుంటే మివాలినో ఏమో చూడండి. అది లైసెన్సు మీద అక్కడే తయారైంది. నాలుగు చక్రాలుంటే టీజీ500.

ప్లేటు గురించి క్లుప్తంగా. పశ్చిమ జర్మనీలో నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే ఆ రిజిస్ట్రేషను 1956 జూలైకి ముందుది. ఫ్రాన్సులో 1950 నుంచి చివరి రెండంకెలు జిల్లాను చెబుతాయి. బ్రిటన్‌లో చివర సంవత్సరాక్షరం ఉంటే 1963 లేదా ఆ తర్వాత. అక్షరం లేదని అంతకు ముందుదని అనొద్దు, దాన్ని అన్ని చోట్లా ఒకేసారి మొదలుపెట్టలేదు. ప్లేటు చెప్పేది రిజిస్ట్రేషను తేదీ మాత్రమే. ఫోటో ఆ తర్వాత ఎప్పుడైనా తీసి ఉండొచ్చు.

మళ్లీ అదే మాట దగ్గరికి వస్తున్నాను, విసుక్కోకండి. రంగులు వేయించకండి. ఆర్థోక్రొమాటిక్ అనే ఒక రకం నలుపు తెలుపు ఫిల్ముకు ఎరుపు కనబడదు. దాని మీద ఎర్ర కారు నల్లగా, నీలం కారు పాలిపోయినట్టుగా పడుతుంది. అలాంటి ఫోటోకు ఊహించి రంగేస్తే, తర్వాతివాళ్లు ఆ రంగునే సాక్ష్యంగా తీసుకుని అసలు కారుకు పెయింటు కొట్టిస్తారు. కారు చుట్టూ కత్తిరించడం ఇంకా ఘోరం. పక్కనున్న దుకాణం బోర్డు, వీధి దీపం, వెనక నిలిపిన మరో కారు, ఇవే దేశాన్నీ కాలాన్నీ పట్టిచ్చేవి. 1962లో మొదలైన పీల్ పీ50 అనే మూడు చక్రాల బుల్లి కార్లలో అసలైనవి యాభై దాకానే తయారయ్యాయి. 2010 తర్వాత మళ్లీ కొత్తవి చేస్తున్నారు. దాన్ని నలుపు తెలుపులో పెట్టి చుట్టూ కోసేస్తే కొత్తదో పాతదో ఎవరు తేల్చగలరు? ముందు ఒకే చక్రమున్న పీ50 కనిపిస్తే మాత్రం కత్తెర పక్కన పెట్టి గట్టిగా చూడండి. ఆ అమరిక నమూనా బండిదే. అమ్మకానికి వచ్చినవాటికి ముందు రెండు, వెనక ఒకటి.

పేరు రాసేటప్పుడు ప్రింటు వెనక, అంచున, మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను నొక్కుడు ముందువైపు దాకా తేలుతుంది. 'హైంకెల్' అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. 'నిష్పత్తి 3.7, స్టీరింగు లోపలే ఉంది, కాబట్టి హైంకెల్' అని రాయండి. సగమే తెలిస్తే ఆ సగమే రాయండి.

ఇప్పుడు మీ ఫోటోలు చూద్దాం. ముందు వరుసవాళ్లు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి రండి. అట్టకు అంటించినవాటిని పీకొద్దు, అట్టతోనే తీసుకురండి.