.315 బోల్ట్ యాక్షన్ రైఫిల్: చిత్తూరు, తిరుపతి వాళ్లు కొనొచ్చా?

నమస్కారం అండీ, తిరుపతి నుంచి. టేబుల్ మీద ఉన్నది .315 బోర్ (బోర్ అంటే బారెల్ లోపలి కొలత) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోసి కాల్చేది. కొత్తది, లైసెన్సు నా పేరు మీదే ఉంది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. బోల్ట్ వెనక్కి లాగి ఉంది, చాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, ఖాళీ, మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టాను. తూటాలు ఈ గదిలోనే లేవు. వీడియో అయ్యేంతవరకు బోల్ట్ ఇలా తెరిచే ఉంటుంది.

ఇది పుట్టింది వేట కోసమే. ఇప్పుడు మన దగ్గర వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. కాబట్టి అడవిపందికి పనికొస్తుందా, దుప్పికి పనికొస్తుందా అని నన్ను అడగొద్దు. నేను కాల్చింది కాగితం మీద, అనుమతి ఉన్న రేంజిలో. లోపల కెమెరాకి పర్మిషన్ ఇవ్వలేదు, అందుకే టార్గెట్ పేపర్లు చుట్టుకుని తెచ్చాను. అవి తర్వాత చూద్దాం.

ముందు తూటా సంగతి. ఎందుకంటే ఈ రైఫిల్‌లో అసలు విశేషం అదే. అమెరికాలోనో యూరప్‌లోనో తుపాకుల షాపుకి వెళ్లి .315 తూటా కావాలంటే కౌంటర్ వెనకాల మనిషి తల గోక్కుంటాడు. మన దేశంలో మాత్రం లైసెన్సు రైఫిల్ అంటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది. దీని అసలు పేరు 8×50 ఆర్ మాన్లిహర్. 1890ల నాటి ఆస్ట్రియా-హంగరీ సైన్యం తూటా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సైన్యం ఇదే కాల్చింది. ఆ దేశం పటంలోనే లేకుండా పోయి వందేళ్లు దాటింది, తూటా మాత్రం మన దగ్గర ఇంకా తయారవుతూనే ఉంది!

ఎలా వచ్చిందంటే, బ్రిటిష్ వాళ్ల భయం వల్ల. వాళ్ల సైన్యం వాడేది .303. అదే తూటా జనం తుపాకుల్లో కూడా పట్టిందంటే, బ్యారక్‌లలో దొంగిలించిన సరుకు బయట చెల్లుబాటైపోతుంది. అందుకని ఇండియాలో మామూలు జనానికి సైన్యం బోర్లు ఇవ్వకూడదన్నారు. ఇంగ్లాండ్ తుపాకుల కంపెనీలు తెలివిగా ఆ సైన్యం వాడే లీ (లీ ఎన్‌ఫీల్డ్) రైఫిల్ బోల్టుకే ఈ మాన్లిహర్ తూటా పట్టేలా బారెల్ బిగించి ఇక్కడ అమ్మాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా .303 నిషేధిత బోర్‌గానే ఉండిపోయింది. బెంగాల్‌లో కలకత్తా దగ్గర ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్‌ని లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే చేస్తూ వచ్చింది. అంటే ఈ తూటా గొప్పదని ఎవరూ ఏరికోరి ఉంచుకోలేదు. చట్టం మిగతా తలుపులు మూసేస్తే, తెరిచి ఉన్న ఒక్క తలుపులోంచి ఇది వచ్చింది. నా రివ్యూ అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది, కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రైఫిల్. బోల్ట్ చూడండి. హ్యాండిల్ ట్రిగ్గర్‌కి దగ్గరగా కిందికి వంగి ఉంది. మూసినప్పుడు బోల్ట్‌ని లాక్ చేసి పట్టి ఉంచే పళ్లు, అంటే లగ్స్, వెనకవైపు ఉంటాయి, దానివల్ల బోల్ట్ ప్రయాణం తక్కువ. ఇంకో సంగతి, తూటాని పేల్చే స్ప్రింగ్ బోల్ట్ మూసేటప్పుడు బిగుసుకుంటుంది. జర్మనీ మౌజర్ 98 పద్ధతి రైఫిళ్లలో తెరిచేటప్పుడే బిగుసుకుంటుంది. అలాంటివి అలవాటైన వాళ్లకి దీని బోల్ట్ తెరవడం వెన్నలా అనిపిస్తుంది, మూసేటప్పుడు చివర్లో గట్టిగా తోయాల్సి వస్తుంది. మెల్లగా, భయంభయంగా మూస్తే సగంలో ఆగిపోతుంది. ఒకే ఊపులో మూసేయాలి. అలవాటైతే మాత్రం చాలా వేగం. సేఫ్టీ ఎడమవైపు వెనకాల ఉంది. ముందుకు తోస్తే ఫైర్, వెనక్కి లాగితే సేఫ్. ట్రిగ్గర్ రెండు దశల్లో వస్తుంది. మొదట ఖాళీగా కొంచెం కదిలి ఒకచోట ఆగుతుంది, అక్కడినుంచి నొక్కితేనే పేలుతుంది. నాకు ఇది నచ్చింది, గురి కుదిరాక ఆలోచించుకోడానికి ఒక్క క్షణం ఇస్తుంది.

మ్యాగజైన్‌లో ఐదు తూటాలు పడతాయి. కొత్తవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. ఈ తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, దాన్ని రిమ్ అంటారు. నింపేటప్పుడు పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కి ముందు ఉండాలి. వెనక పడిందా, బోల్ట్ తోసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తూటా ముందుకి వెళ్లదు. రేంజిలో నా పక్క లేన్‌లో ఒకాయన ఇలాగే జామ్ చేసుకుని బోల్ట్‌ని బలవంతంగా కొడుతున్నారు. అలా చేయకండి. బారెల్ టార్గెట్ వైపే పెట్టి, మ్యాగజైన్ తీసేసి, వరస సరిచేసుకోండి. అర నిమిషం పని.

షాపు వాళ్ల మీద ఒక కంప్లయింట్ ఉంది, పేరు చెప్పను. ఫ్యాక్టరీ గ్రీజు చాంబర్‌లో అలాగే గడ్డకట్టి ఉండగానే చేతికిచ్చారు. చాంబర్‌లో, బారెల్‌లో గ్రీజు ఉండగా కాలిస్తే ఒత్తిడి ఎక్కువై ప్రమాదం. కొత్త రైఫిల్ అని మురిసిపోకుండా రాడ్‌తో, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచాకే రేంజికి తీసుకెళ్లండి.

సరే, పేపర్లు. ఇది వంద మీటర్లది, ఇసుక బస్తా మీద ఆనించి, స్కోప్ లేకుండా ఇనుప గురితో కాల్చినది. చూడండి, నా అరచెయ్యి అడ్డం పెడితే చిల్లులన్నీ దాదాపు కప్పుకుంటున్నాయి. పోటీల కోసం చేసే మ్యాచ్ రైఫిల్‌కి ఇది సిగ్గుపడే ఫలితం. ఇనుప గురి ఉన్న, పాతకాలం డిజైన్ రైఫిల్‌కి బాగానే ఉన్నట్టు లెక్క. ఇందులో నా చేతి వాటా ఎంత, రైఫిల్ వాటా ఎంత అంటే, బెంచ్‌కి బిగించి చూస్తే తప్ప విడదీయలేం.

కిక్ గురించి చాలామంది భయపెట్టారు. పాత మాన్లిహర్ లెక్క ప్రకారం బుల్లెట్ 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు, వేగం సెకనుకు 620 మీటర్లు. అమెరికా తూటా .30-06లో మామూలుగా కాల్చే 150 గ్రెయిన్ల బుల్లెట్ 10 గ్రాముల లోపే, వేగం 880 దాకా వెళుతుంది. ఇది బరువు ఎక్కువ, పరుగు తక్కువ. భుజానికి తగిలేటప్పుడు కూడా అలాగే ఉంటుంది, చెంపదెబ్బలా కాకుండా వెనక్కి గట్టిగా నెడుతుంది. బట్‌ని, అంటే రైఫిల్ వెనక చివరని, భుజం గుంటలో సరిగ్గా ఆనిస్తే నొప్పి లేదు. చప్పుడు మాత్రం చెవులు గింగిరాలెత్తిస్తుంది, ఇయర్ మఫ్స్ లేకుండా కాల్చొద్దు.

దూరం పెరిగితే దీని వయసు బయటపడుతుంది. వందకి గురి సరిచేసుకుని రెండొందల దగ్గర కాలిస్తే బుల్లెట్ జానెడు కన్నా కిందికి దిగిపోతుంది. బుల్లెట్ ముక్కు గుండ్రం, గాలిని చీల్చుకుని పోయే రకం కాదు. వందా నూటయాభై మీటర్లకి చేసిన తూటా ఇది, అంతే. దూరం టార్గెట్ల సరదా ఉన్నవాళ్లు .30-06 రైఫిల్ వైపు చూడండి.

ఇప్పుడు నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న. పలమనేరు, పుంగనూరు వైపు టమాటా రైతులు, చిత్తూరు వైపు మామిడి తోటల వాళ్లు అడుగుతుంటారు: "అన్నా, పందులు పంట మొత్తం తవ్వేస్తా ఉండాయి, ఇది తీసుకోవచ్చా?" వద్దన్నా. ఒకటి, 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణ అని పేరుపెట్టి చెప్పింది మజిల్ లోడర్ గురించి, అంటే బారెల్ మూతిలోంచి మందు కూరే తుపాకి. రైఫిల్ కావాలంటే సరైన కారణం వేరే చూపించి అధికారిని ఒప్పించాలి. రెండు, తుపాకి లైసెన్సు వేట అనుమతి కాదు. పంట నాశనం చేసే పంది విషయంలో కూడా అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతిస్తేనే. మూడు, పొలాల మధ్య ఈ బుల్లెట్ తప్పిపోతే పక్క ఊరిదాకా వెళుతుంది. పొలంలో ఆడే సామాను కాదు ఇది. ఇక కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగే ఊళ్లలో గాల్లోకి కాల్చి బెదిరిద్దాం అనే ఆలోచన అస్సలు వద్దు. బెదిరిన ఏనుగు ఎటు పరిగెత్తుతుందో ఎవరికీ తెలియదు. ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చేయండి.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే హీరోలకి కూడా ఒక మాట. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మరి ఎవరు కొనాలి? లైసెన్సు చేతిలో ఉండి, రేంజికి వెళ్లే ఓపిక ఉండి, పాత బోల్ట్ యాక్షన్ మీద మక్కువ ఉన్నవాళ్లు. నేను ఆ రకమే, కొన్నందుకు బాధ లేదు. ఒకే ఒక్క రైఫిల్ కొంటాను, దాంతోనే పోటీలకి వెళతాను అనేవాళ్లకి మాత్రం నేను చిన్న తూటా .22 రైఫిల్ చెబుతాను. తూటా ఖర్చు తక్కువ, ప్రాక్టీసు ఎక్కువ.

కొనేశారనుకోండి. 2022లో తిరుపతి జిల్లా వేరుపడింది కదా, అంతకుముందు చిత్తూరులో తీసుకున్న లైసెన్సు అయితే మీ రికార్డు ఏ కలెక్టరేట్‌లో ఉందో ముందే కనుక్కోండి. రేంజి వేరే జిల్లాలో ఉంటే లైసెన్సు ఎంత ఏరియాకి చెల్లుతుందో చూసుకోండి. రేంజి నుంచి వస్తూ రైఫిల్ డిక్కీలో ఉండగా అలా దర్శనానికి వెళ్లొద్దాం అని అలిపిరి వైపు తిప్పకండి, కొండమీదికి ఆయుధాలు నిషేధం. వన్యప్రాణి శాంక్చువరీలోకి ఆయుధంతో అడుగుపెట్టాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి.

తోలు కవర్‌లో పెట్టి బీరువాలో దాచకండి, తోలు తేమ పట్టి ఇనుము తుప్పు పడుతుంది. ఎలక్షన్ కోడ్ వచ్చి స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారంటే రైఫిల్ నెలల తరబడి అక్కడే ఉండొచ్చు. ఇచ్చేముందు బారెల్ లోపలా బయటా పల్చగా నూనె రాయండి, రసీదు మీద రాసిన నంబరు రైఫిల్ మీద ఉన్న నంబరుతో సరిచూసుకుని అప్పుడు ఇంటికి రండి.