మెయిన్ రోడ్డును మింగింది తోపుడు బండి కాదు, సెల్లారు!

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డును ఇరుకు చేసింది తోపుడు బండి కాదు. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఈ మాట ఈ రోజు గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఆ రోడ్డును మింగింది పెద్ద దుకాణాల కింద ఉన్న సెల్లారు.

2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్న కొద్దీ ఈ గొడవ మళ్లీ రాజుకుంటోంది. రోడ్డు వెడల్పు చేసి తోపుడు బళ్లను ఎత్తివేయాలని ఒక పక్షం వాదిస్తుంటే, ముందు గదులు కూల్చేస్తే మా వ్యాపారాలు ఏమవుతాయని మరొక పక్షం నిలదీస్తోంది. ఇదంతా మీకు తెలిసిందే. సెల్లారు ఊసు మాత్రం ఈ రెండు పక్షాలలో ఏ ఒక్కటీ ఎత్తదు.

మీరొక పెద్ద బట్టల దుకాణానికి స్కూటరు మీద వెళ్లారనుకోండి. కిందికి దిగే ర్యాంపుకు అడ్డంగా ఇనుప గొలుసు వేలాడుతూ ఉంటుంది. గొలుసు వెనుక చీరల బేళ్లు, అట్టపెట్టెలు, చెయ్యి ఊడిన ప్లాస్టిక్ బొమ్మలు, పోయిన పండుగకు కట్టిన ఫ్లెక్సీలు కనబడతాయి. మీరు అటు తిరిగేలోపు వాచ్‌మన్ ఈల ఊది, "ఇటు కాదండీ, అటు పెట్టుకోండి" అని చెయ్యి చాపి చూపిస్తాడు. ఆ చెయ్యి చూపించేది రోడ్డు వైపు. ప్లాను మంజూరు చేయించుకునేటప్పుడు పార్కింగు అని గీసి చూపించిన స్థలంలో దుకాణం యజమాని సరుకు హాయిగా నిద్రపోతుంది. ఆ దుకాణానికి వచ్చిన మన బండి మాత్రం నగర ప్రజలందరిదీ అయిన రోడ్డు మీద నిలబడుతుంది.

ఇప్పుడు లెక్క వినండి. స్కూటరు పొడవు సుమారు ఆరు అడుగులు. రోడ్డుకు రెండు వైపులా అడ్డంగా నిలిపితే పన్నెండు అడుగులు పోయినట్టే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం వాహనాలు ఒక వరుసలో సాగే లేను వెడల్పు 3.5 మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు. ఒక్క గోడ కూల్చకుండా, ఒక్క రూపాయి పరిహారం ఇవ్వకుండా మనకు తిరిగి రాగల పూర్తి లేను ఒకటి ఆ సెల్లారుల గొలుసుల వెనుక ఇరుక్కుని ఉంది. పైగా ఆ వరుసలో నిలిచిన బళ్లన్నీ కొనడానికి వచ్చినవారివేనా? ఉదయం షట్టరు ఎత్తినప్పుడు వచ్చి, రాత్రి షట్టరు దించే వరకు కదలని బళ్లు సిబ్బందివీ యజమానులవీ. తన కొట్టు ముందు తానే అడ్డం పెట్టుకుని, కొనేవారు రావడం లేదని వాపోవడం ఏం వ్యాపారమో నాకు అంతుబట్టదు.

దీనికి కొత్త చట్టం అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017 నుంచే ఉన్నాయి. పార్కింగుకు కేటాయించిన స్థలాన్ని మరో పనికి వాడితే తొలగించే అధికారం కార్పొరేషన్ చేతిలోనే ఉంది. ఆ అధికారం సెల్లారు మెట్లు దిగదు కానీ జామపండ్ల బండి మీదికి మాత్రం ఎంతో ఉత్సాహంగా వస్తుంది. తక్కెడ పట్టుకుపోతారు, గొడుగు పట్టుకుపోతారు.

అయ్యా, ఆ బండికి కూడా ఒక చట్టం ఉంది. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలి. అంతవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తరువాతనైనా కదిలించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపించాలని కూడా అదే చట్టం చెబుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన నగరంలో 3.4 లక్షల మంది ఉన్నారు. ఆ లెక్కన సుమారు 8,500 మంది వరకు చోటు చూపించాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. ఈ కమిటీ పేరు వెడల్పు గురించి మాట్లాడే పెద్దల నోట ఎప్పుడైనా విన్నారా?

దుకాణాల ముందు కట్టే మెట్ల సంగతి కూడా చెప్పి తీరాలి. డ్రైను మీద పలకలు పరచి, వాటిపై సిమెంటు పోసి, మూడు మెట్లు కట్టి, వాటిపై గ్రానైటు అతికిస్తారు. పారిశుద్ధ్య కార్మికుడు పూడిక తీయాలంటే గడ్డపార దూర్చడానికి సందుండదు. వాన పడగానే నీరు రోడ్డెక్కి అదే దుకాణంలోకి వెళితే, కార్పొరేషన్ నిద్రపోతోందని అరిచేది కూడా ఆ మెట్లు కట్టించినవారే.

వెడల్పు చేస్తే సరిపోదా అంటారు. భూమికి డబ్బు ఇవ్వాలి, లేదా టీడీఆర్ బాండ్లు, అంటే పోయిన స్థలానికి బదులు వేరే చోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు పత్రాలు, ఇవ్వాలి. ఆ బాండ్ల మీద తణుకులో ఎన్ని ఆరోపణలు వచ్చాయో గోదావరి జిల్లాలవారికి గుర్తుచేయనక్కర లేదు. ఇన్ని తంటాలు పడి పది అడుగులు సంపాదించినా, గొలుసు అలాగే ఉంటే ఆ పది అడుగుల మీద ఇంకో వరుస బళ్లు నిలుస్తాయి.

చెన్నైలో పాండీ బజారును చూడండి. 2019లో అక్కడ వాహనాల స్థలాన్ని తగ్గించి కాలిబాటను పెంచారు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1.3 కిలోమీటర్ల పొడవున, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలను నిషేధించి 2021లో ప్రారంభించారు. మెయిన్ రోడ్డులో అంత సాహసం చేయమని నేను అడగడం లేదు. సెల్లారు లేని చిన్న కొట్లవారి జోలికి వెళ్లమనీ అనడం లేదు.

కమిషనరు గారు మంజూరైన ప్లాన్లు చేతపట్టుకుని ఒక సాయంత్రం మెయిన్ రోడ్డు మీద నడవాలి. ప్రతి పెద్ద దుకాణం ముందూ ఆగి, గొలుసు తీయించి, లోపల ఎన్ని బళ్లు పడతాయో కొలిపించి, ఆ సంఖ్యను ఆ షట్టరు పక్కనే రంగుతో రాయించాలి. సరుకు ఖాళీ చేయడానికి వ్యాపారులకూ అదే ముప్పై రోజుల గడువు ఇవ్వండి. అప్పటికీ రోడ్డు చాలకపోతే, కూల్చవలసిన గోడల గురించి మాట్లాడుకుందాం.