బిళ్ళగన్నేరు ఆకూ, చచ్చిపోయిన ఎలుకలూ

శ్రోతలకు నమస్కారం.

బిళ్ళగన్నేరు తెలియని తెలుగిల్లు ఉండదు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. గోడ పగుల్లో, మెట్ల సందులో, శ్మశానంలో సమాధుల పక్కన, పిడికెడు మట్టి దొరికితే చాలు, మొలిచి ఏడాది పొడుగునా పూస్తుంది. మేక మూతి పెట్టదు, అంత చేదు. పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మనదైపోయింది. ఈసారి కనిపించినప్పుడు దగ్గరగా చూడండి. మోకాలెత్తు మొక్క. ఆకులు జంటలు జంటలుగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయి, మధ్యలో తెల్లటి ఈనె. పువ్వుకి అయిదు రేకులు, బిళ్ళలా బల్లపరుపుగా విచ్చుకుంటాయి. పువ్వు రాలాక సన్నటి కాయలు రెండు జంటగా నిలబడతాయి, వాటిలో నల్లటి గింజలు.

ఈ ఆకులు నాలుగు పరగడుపున నమిలితే షుగరు తగ్గుతుందని మన ఊళ్ళలో చాలామంది నమ్మకం. కొందరు పూలు నములుతారు, కొందరు గుప్పెడు ఆకు మరిగించి తాగుతారు. ఔషధ మొక్కల పరిశోధన గురించి చెప్పుకోవాలంటే ఎన్నో మొక్కలున్నాయి. ఈ పావుగంటలో నేను ఈ ఒక్కదాని సంగతే చెబుతాను, ఎందుకంటే ఆ కథ కూడా షుగరుతోనే మొదలైంది.

1952లో కెనడాలో క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి జమైకా నుంచి ఒక కవరు వచ్చింది. విప్పితే పాతిక ఆకులు. మన బిళ్ళగన్నేరు ఆకులే. అక్కడ కొందరు షుగరు రోగులు ఇన్సులిన్ దొరకనప్పుడు ఈ ఆకు కషాయం తాగుతున్నారని కబురు. ఆయన ఆ ఆకుల్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు. తమ్ముడు వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు.

రాబర్ట్ నోబుల్ బృందం ఆకు కషాయం తీసి ఎలుకలకు నోటి ద్వారా పట్టింది. చక్కెర పెద్దగా తగ్గలేదు. సరే, కడుపులో అరిగిపోతోందేమోనని సూదితో ఎక్కించారు. చక్కెర అప్పుడూ తగ్గలేదు. కానీ వారం తిరగకుండా ఎలుకలు చచ్చిపోయాయి. కోసి చూస్తే ఒళ్ళంతా చీముగడ్డలు. సూడోమొనాస్ అనే సూక్ష్మజీవి పట్టి చంపింది.

ఇక్కడ ఆగుదాం. ఈ సూక్ష్మజీవి మామూలుగా మన చుట్టూ ఉండేదే, ఆరోగ్యంగా ఉన్న ఎలుకను ఏమీ చెయ్యదు. ‘సూది శుభ్రంగా లేదు, కషాయం పాడైంది, పారెయ్యండి’ అనుకుంటే ఈ కథ అక్కడితో సరి. వాళ్ళలా అనుకోలేదు. ఈ ఎలుకలే ఎందుకు తట్టుకోలేకపోయాయి అని అడిగారు. రక్తం తీసి తెల్లకణాలు లెక్కపెట్టారు. దారుణంగా పడిపోయి ఉన్నాయి. ఎముకల్లో మజ్జ చూశారు. రక్తకణాలు తయారయ్యే చోటే దెబ్బతిని ఉంది. షుగరు మందు కోసం వెతుకుతుంటే, కణాలు పుట్టకుండా ఆపే పదార్థం ఒకటి ఎదురైంది. అదుపు తప్పి పుట్టే కణాలే కదా కేన్సరు!

1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ బృందంలో చేరాడు. ఆకులో ఆ పని చేస్తున్నది ఏమిటో పట్టుకోవడం ఆయన వంతు. బిళ్ళగన్నేరులో ఆల్కలాయిడ్లు అనే చేదు పదార్థాలు నూరుకు పైగా ఉన్నాయి, వాటిలో ఏది?

ఈ వెతుకులాట ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఆకును నీడలో ఆరబెట్టి పొడి చేస్తారు. ఆల్కలాయిడ్లకు ఒక స్వభావం ఉంది, పులుపు తగిలితే లవణాలుగా మారి నీళ్ళలో కరుగుతాయి. ఆ పులుపు కోసం టార్టారిక్ ఆమ్లం వాడొచ్చు. మన చింతపండుకి పులుపు తెచ్చేది అదే. తర్వాత ఆ నీళ్ళలో అమ్మోనియా కలిపితే పులుపు విరిగిపోతుంది, ఆల్కలాయిడ్లు నీళ్ళను వదిలి క్లోరోఫాం లాంటి ద్రావకంలోకి వచ్చేస్తాయి. ఆకులోని పిండి, బంక, చక్కెర చాలావరకు నీళ్ళలోనే మిగిలిపోతాయి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆల్కలాయిడ్ల కలగూరగంప. దాన్ని అల్యూమినా పొడి దట్టించిన గాజుగొట్టం పైన పోసి, పైనుంచి ద్రావకం వదులుతారు. పొడిని గట్టిగా అంటుకునేవి నెమ్మదిగా, అంటుకోనివి త్వరగా కిందికి దిగుతాయి. దిగినదాన్ని దిగినట్టు వేరువేరు గొట్టాల్లో పడతారు.

అసలు పట్టు ఇక్కడుంది. పట్టిన ప్రతి భాగాన్నీ మళ్ళీ ఎలుకకిచ్చి తెల్లకణాలు లెక్కపెట్టాలి. పొయ్యడం, పట్టడం, ఎలుకకివ్వడం, లెక్కపెట్టడం. పని చెయ్యని భాగాన్ని పక్కన పెట్టి, పని చేసినదాన్ని మళ్ళీ విడదీసి, మళ్ళీ పొయ్యడం, పట్టడం, ఎలుకకివ్వడం, లెక్కపెట్టడం. నాలుగేళ్ళు పట్టింది. 1958లో స్వచ్ఛమైన స్ఫటికాలను లోకానికి ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్ అనే కేన్సరు మందు.

అదే కాలంలో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీ వాళ్ళూ ఇదే మొక్కను పరీక్షిస్తున్నారు. వాళ్ళూ షుగరు కోసమే మొదలుపెట్టారు! ల్యుకేమియా, అంటే రక్తకేన్సరు, ఉన్న చుంచెలుకలకు ఈ ఆకు సారమిస్తే ఎక్కువ రోజులు బతికాయి. అక్కడ గోర్డన్ స్వోబోడా ఇదే ఆకులోంచి విన్‌క్రిస్టిన్ తీశాడు. 1963 నుంచి అది అమెరికాలో మందుగా వాడుకలోకి వచ్చింది. ఈనాటికీ పిల్లలకొచ్చే రక్తకేన్సరు చికిత్సలో అది ప్రధానమైన మందుల్లో ఒకటి. కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపల సన్నటి పోగులతో ఒక కండె తయారవుతుంది. ఈ మందు ఆ పోగుల్ని అల్లుకోనివ్వదు, కణం విడిపోలేక చచ్చిపోతుంది.

మోతాదు వింటే ఆశ్చర్యం వేస్తుంది. పెద్దవాళ్ళకి విన్‌క్రిస్టిన్ ఒక విడతకి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. బియ్యపుగింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములుంటుంది. అంటే గింజలో పదో వంతు. అదీ రక్తనాళంలోకే, రక్తపరీక్షలు చూసుకుంటూ, వారానికోసారి.

ఇప్పుడు మీకో సందేహం రావాలి. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తియ్యడానికి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలని లెక్క. మరి నాలుగాకుల్లో ఏముంటుంది, తింటే ఏమవుతుంది?

సరైన ప్రశ్నే. నాలుగాకుల్లో ఆ మందు లేశమాత్రం. పైగా నోటి ద్వారా అది ఒంటికి సరిగ్గా పట్టదు, అందుకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఒకటి రెండుసార్లు నమిలినవాళ్ళకి ఏమీ కాకపోవచ్చు. కానీ ఆకులో ఉన్నది ఆ ఒక్కటే కాదు. మిగతా ఆల్కలాయిడ్లు అంతకన్నా ఎంతో ఎక్కువ మోతాదులో ఉన్నాయి. మొక్కకీ మొక్కకీ, లేతాకుకీ ముదురాకుకీ తేడా. నాలుగాకులు నెల తిరిగేసరికి గుప్పెడవుతాయి, గుప్పెడు చెంబుడు కషాయమవుతుంది. ఈ మొక్కను కేన్సరు మూలికగా వాడిన మనిషికి ఎముక మజ్జ తీవ్రంగా దెబ్బతిన్న కేసును తైవాన్ వైద్యులు 2004లో ప్రచురించారు. కెనడాలో ఎలుకల మజ్జకి పట్టిన గతే.

రెండో వైపూ చెప్పాలి. 2003లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ పరిశోధకులు తాజా ఆకురసాన్ని కుందేళ్ళకు కొలిచి పట్టించారు, రక్తంలో చక్కెర తగ్గింది. కాబట్టి మన పెద్దల మాటలో ఏమీ లేదని నేననను. కానీ కుందేలుకి కిలో బరువుకింత అని కొలిచి ఇచ్చిన రసం వేరు, పెరట్లో చేతికందినంత తుంపుకున్న ఆకు వేరు. మనిషికి ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళివ్వాలి, మజ్జ మీద ఏం ప్రభావం పడుతుంది, ఇవి తేలకుండా అది మందు కాదు.

నాకు ఎక్కువ భయం కలిగించేది ఇంకోటుంది. విన్‌క్రిస్టిన్ దుష్ఫలితాలు ఏమిటంటే కాళ్ళ తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు, మలబద్ధకం. ఏళ్ళ తరబడి షుగరున్న మనిషికి ఇవన్నీ షుగరు వల్లే రావచ్చు. కషాయం మొదలుపెట్టాక తిమ్మిర్లు పెరిగితే ఇంట్లో ఏమనుకుంటారు? షుగరు ముదిరిందనుకుంటారు. ఇంకో నాలుగాకులు ఎక్కువ వేస్తారు.

పేరుతోనూ జాగ్రత్త. ఫోనులో చెప్పేటప్పుడు ‘బిళ్ళ’ ఎగిరిపోయి ‘గన్నేరు ఆకు’ అని మిగిలితే ప్రాణాల మీదికొస్తుంది. ఎర్రగన్నేరైనా, పచ్చగన్నేరైనా గుండెను ఆపే విషం. మోకాలెత్తు మొక్క బిళ్ళగన్నేరు, మనిషెత్తు పొద గన్నేరు. ఆకు ఒక్కటే చూసి మొక్కను నిర్ణయించకండి. పువ్వు, కాయ, మొక్క ఎత్తు అన్నీ కలిపి చూడాలి.

మీరుగానీ, మీ ఇంట్లో పెద్దవాళ్ళుగానీ ఇప్పటికే ఈ ఆకు తింటుంటే ఒక్క పని చెయ్యండి. ముందు మానెయ్యండి. డాక్టరిచ్చిన షుగరు మాత్రలు మాత్రం ఆపకండి. పువ్వుతో ఉన్న చిన్న కొమ్మ ఒకటి కాగితంలో చుట్టుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. నాలుగు సంగతులు చెప్పండి: ఏ భాగం తిన్నారు, రోజుకి ఎంత, పచ్చిదా మరిగించారా, ఎన్నాళ్ళుగా. తెల్లకణాల లెక్క తెలిసే రక్తపరీక్ష చెయ్యాలా అని అడగండి. నోటిపూత, జ్వరం, ఒంటిమీద ఊరికే కమిలిన మచ్చలు ఉంటే అదే రోజు వెళ్ళండి, ఆగకండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమానికి ఉచిత ఫోను నంబరుంది. మూలికల సంగతీ చెప్పొచ్చు. రాసుకోండి: 1800-180-3024. మళ్ళీ చెబుతున్నాను, 1800-180-3024.

మొక్కను పీకెయ్యనక్కర్లేదు. పూలు పూజకు కోసుకోండి.

నమస్కారం.