చలిలో వణికే బండికి ప్లగ్గులు మార్చడం వైద్యం కాదు

నమస్కారం. షికాగో శివార్లలో ఉంటున్న నా మిత్రుడి సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే ఎలా వణికిపోతోందో కిందటి వీడియోలో చూపించాను. చూసినవారిలో చాలామంది ఒకటే మాట అన్నారు: "మాడిఫై చేసిన బండి కదా, అలాగే ఉంటుంది, వేడెక్కితే సర్దుకుంటుంది." ఈ మాటను నేను ఒప్పుకోను. వేడెక్కాక సర్దుకుంటోందంటే జబ్బు లేదని కాదు, జబ్బు ఎక్కడ దాక్కుందో బండే మనకు చెబుతోందని అర్థం. ఇంజన్ లెక్కకు అందని గాలి ఏదో దొంగదారిన లోపలికి వస్తోంది. కాబట్టి ముందు గాలిని అనుమానించండి, ప్లగ్గుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కొంత పోర్టు (సిలిండర్‌లోకి గాలి వెళ్లే దారి) గోడలకే అంటుకుపోతుంది. అందుకే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, మొదట్లో పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఎంత పోయాలన్నది మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సర్) చెప్పిన గాలి లెక్కను బట్టి నిర్ణయించుకుంటుంది కానీ, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కి పని మొదలుపెట్టేదాకా ఆ లెక్క తప్పిందని చెప్పేవారే ఉండరు. సెన్సర్ మేలుకున్నాక ఈసీయూ ఆ తప్పును పసిగట్టి, పెట్రోలు పెంచి, వణుకును ఆపేస్తుంది. బండి బాగుపడలేదు, తప్పు మీద దుప్పటి కప్పారంతే.

ఆ దుప్పటి ఎత్తి చూడటానికి ఫ్యూయల్ ట్రిమ్ చాలు, అంటే ఈసీయూ తన లెక్క మీద పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె. మా మిత్రుడి బండి వేడెక్కాక లాగ్ (ఈసీయూ అంకెల రికార్డు) తీస్తే, ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ట్రిమ్ 17 శాతం ఎక్కువగా ఉంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 శాతానికి దిగింది. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, పైగా మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్, అంటే లోపలికి లాగే పీల్పు, బలంగా ఉంటుంది కాబట్టి, సన్నటి చీలికలోంచి వచ్చే గాలి కూడా అక్కడ పెద్ద వాటా అవుతుంది. థ్రాటిల్ (గాలిని వదిలే తలుపు) తెరుచుకున్న కొద్దీ ఆ వాటా కరిగిపోతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకున్నవారు ఫ్యూయల్ పంపు జోలికి ఎందుకు వెళతారు? కానీ ఒక వర్క్‌షాప్ వారు 4 ప్లగ్గులూ మార్చారు, ఇంజెక్టర్లు శుభ్రం చేశారు, చివరకు పంపు కూడా మార్చాలన్నారు. పుండు ఒకచోట, మందు ఒకచోట.

నాకు నిజంగా కోపం తెప్పించింది మరొకటి. వారు పొగ పరీక్ష (గాలి గొట్టాల్లోకి పొగ పంపి, అది ఎక్కడినుంచి బయటికి వస్తుందో చూడటం) కూడా చేశారు, కానీ బండిని సగం రోజు వెచ్చటి షెడ్డులో నిలబెట్టిన తర్వాత చేశారు. రబ్బరు చలికి బిగుసుకుపోయినప్పుడు తెరుచుకునే చీలిక వెచ్చదనానికి మెత్తబడి సన్నబడిపోతుంటే, ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు గాలి దూరినా, తక్కువ ఒత్తిడితో పంపే పొగ ఎలా బయటికి వస్తుంది? మేము రాత్రంతా మైనస్ 14 డిగ్రీల చలిలో బండిని బయటే ఉంచి, తెల్లవారాక స్టార్ట్ చేయకముందే, మాఫ్ సెన్సర్ దగ్గర గొట్టం మూసి, తక్కువ ఒత్తిడితో పొగ పంపాము. ఇంటేక్ మానిఫోల్డ్ వెనక నుంచి దారంలా ఒక పోగు పైకి లేచింది. పాత బూస్ట్ గేజ్ (టర్బో ఒత్తిడి చూపే మీటరు) తీసేసినప్పుడు దాని గొట్టం తగిలించే నిపుల్‌కు తొడిగిన రబ్బరు టోపీ అది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని గోటితో నొక్కితే పక్కన పగిలిన మడమలా నిలువునా విచ్చుకుంది. 2 డాలర్లు కూడా చేయని ఆ టోపీ కోసం అంత ఖర్చు పెట్టించారు.

"అది వణుకు కాదు, బాక్సర్ ఇంజన్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే ఇంజన్) స్వరం" అన్నవారికీ సమాధానం చెప్పాలి. ఈ బండిలోని 2.5 లీటర్ల ఈజే రకం ఇంజన్‌కు ఆ గుడగుడ శబ్దం పొడవులు సమానంగా లేని ఎగ్జాస్ట్ హెడర్ (సిలిండర్ల పొగను బయటికి తెచ్చే గొట్టాలు) వల్ల వస్తుంది, నాకూ అదంటే ప్రాణం. కానీ ఆ శబ్దానికి ఒక దరువు ఉంటుంది. మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, దరువు తప్పిన డప్పు. చెవికి తేడా తెలియకపోతే, ఏ సిలిండర్ ఎన్నిసార్లు తడబడిందో ఈసీయూనే అడగవచ్చు.

ట్రిమ్ ఐడిలింగ్‌లోనే కాక అన్ని ఆర్‌పీఎంల దగ్గరా ఎక్కువగా ఉంటే మాత్రం, మీరు వేసిన లావుపాటి ఇంటేక్ గొట్టాన్ని అనుమానించండి. గొట్టం వెడల్పు పెరిగితే అంతే గాలి నెమ్మదిగా వెళుతుంది, మాఫ్ సెన్సర్ దాన్ని తక్కువని చదువుతుంది, సెన్సర్ అంకెను గాలి లెక్కగా మార్చే ఈసీయూ పట్టికను సరిచేయకపోతే పెట్రోలు చాలదు. ఐడిలింగ్‌లో అది వణుకుతోనే పోతుంది, టర్బో బూస్ట్‌లో అయితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం) మొదలై పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్లు విరగవచ్చు. ఈజే ఇంజన్లలో ఇది ఎందరో చేతులు కాల్చుకున్న వ్యవహారం.

టోపీ మార్చిన మర్నాడు, మళ్లీ అంతే చలిలో, బండి 1,500 ఆర్‌పీఎం దగ్గర లేచి, ముల్లు ఒక్కసారి కూడా తడబడకుండా మెల్లగా దిగింది. మీ బండి కూడా వణుకుతుంటే, వేడెక్కాక తీసిన ట్రిమ్ అంకెలు రెండూ, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన మొదటి 3 నిమిషాల లాగ్ నాకు పంపండి, వచ్చే వీడియోలో వాటిని చూద్దాము.