సర్, ప్లీజ్ అసైన్ మీ: ఓపెన్ సోర్స్‌లో మనవాళ్లు ఎక్కడ విసిగిస్తున్నారు

(స్క్రీన్ మీద ఒక ఇష్యూ పేజీ, అంటే ప్రాజెక్టులో లోపాలు, పనులు రాసి చర్చించుకునే పేజీ. పేర్లు కనపడకుండా మసక చేసి ఉంది.)

ఇది చూడండి. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్న చోట, ఈ బగ్‌కి ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లు మొదలెట్టడానికి సులువైన పని) అని లేబుల్ పెట్టి పావుగంట కాలేదు. కింద వరస చూడండి. ‘సర్, ప్లీజ్ అసైన్ మీ’. ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ సర్’. ‘కైండ్లీ అసైన్’. ఒక్కళ్లూ కోడ్ తెరిచినట్టు లేదు. ఆ బగ్ తమ మెషీన్‌లో వస్తోందో లేదో చూసిన పాపాన పోలేదు. మసక చేశాను కాబట్టి సరిపోయింది, ఆ పేర్లలో సగం మనవాళ్లవే.

నమస్తే. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా, ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా ఒకటే సలహా: ‘రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూషన్ పడితే బావుంటుంది’. బావుంటుంది, కాదనను. కాకపోతే అవతల ఎవరుంటారో ఆ సలహా ఇచ్చేవాళ్లు చెప్పరు. నా చిరాకంతా అక్కడే. కోడ్ తెచ్చుకుని మార్చే క్లోన్, బ్రాంచ్, కమిట్ మీకొచ్చు, వాటి జోలికి పోను. అవతలి మనిషి గురించి మాట్లాడదాం.

మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారిని తలుచుకోండి. కూకట్‌పల్లిలోనో నిజాంపేటలోనో ఐదంతస్తుల బిల్డింగ్. సెక్రటరీ గారికి జీతం లేదు. ఆయనకీ హైటెక్ సిటీలో ఉద్యోగం ఉంది, ఇంట్లో పిల్లల పరీక్షలున్నాయి. మీటింగ్‌లో ఎవరూ ముందుకు రాకపోతే సరే అన్నారు, ఆ రోజు నుంచి ఇరుక్కుపోయారు. మోటారు కాలినా ఆయనే, ట్యాంకర్ రాకపోయినా ఆయనే, లిఫ్ట్ ఆగినా ఆయనే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు బాగోగులు చూసే మెయింటెయినర్ అంటే అచ్చం ఈయనే. పెద్ద ప్రాజెక్టుల్లో జీతానికి పనిచేసేవాళ్లూ ఉన్నారు, నిజమే. కానీ మనం రోజూ వాడే చిన్నాచితకా లైబ్రరీల్లో (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) చాలావాటిని ఇలా ఒకరిద్దరే మోస్తున్నారు.

ఇప్పుడు పొద్దున్నే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది: ‘నీళ్లు రావట్లేదు’. అంతే. ఏ ఫ్లాటో లేదు. అన్ని కుళాయిలా, ఒక్కటేనా, తెలీదు. సెక్రటరీ గారు స్నానం మానుకుని డాబా మీదకెళ్లి ట్యాంకు చూస్తారు. ట్యాంకు నిండుగా ఉంది. కిందికొచ్చి నాలుగు ఫ్లాట్ల తలుపులు కొడతారు. చివరికి తేలేదేంటి? 302లో సింక్ కింద వాల్వు వాళ్లే కట్టేసుకున్నారు.

అదే మెసేజ్ ఇంకోలా: ‘302, వంటగది కుళాయి మాత్రమే. బాత్రూమ్‌లో వస్తున్నాయి. రాత్రి ప్లంబర్ వచ్చి వెళ్లాక మొదలైంది.’ దీనికి సెక్రటరీ గారు లేవక్కర్లేదు, కూర్చున్న చోటి నుంచే జవాబిస్తారు. మంచి బగ్ రిపోర్టంటే ఇంతే.

మన భాషలోనే ఒక ఉదాహరణ. హార్ఫ్‌బజ్ అని ఒక లైబ్రరీ ఉంది. అక్షరాలను, వత్తులను, గుణింతాలను కలిపి సరైన రూపంలో పేర్చడం దాని పని. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. ఏదో ఒక ఫాంట్‌లో ‘స్త్రీ’ అన్న మాట మీకు విరిగిపోయి కనపడిందనుకోండి. ‘తెలుగు నాట్ వర్కింగ్’ అని రాస్తే అవతల మనిషి ఏం చేస్తాడు? ఆయనకి తెలుగు రాదు. క్రావడి ఎక్కడ కూర్చోవాలో, తకారం వత్తు ఎక్కడ వేలాడాలో ఆయనకెలా తెలుస్తుంది? తప్పు రూపం స్క్రీన్‌షాట్ ఒకటి, సరైన రూపం ఎలా ఉండాలో ఇంకొకటి. ఫాంట్ పేరు, దాని వెర్షన్. అక్షరాలు ఏ వరసలో టైపయ్యాయో: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొత్తం ఆరు కోడ్‌పాయింట్లు, అంటే అక్షరాలకి కంప్యూటర్‌లో ఉండే ఆరు నంబర్లు. అదే మాట ఇంకో ఫాంట్‌లో బాగానే వస్తోందంటే అది కూడా రాయండి, అప్పుడు తప్పు ఫాంట్‌దా లైబ్రరీదా అని సగం తేలిపోతుంది. ఇంత రాసినా ఒక పేజీ దాటదు. ఇందులో కోడింగ్ ఎంతుంది? సున్నా. ఇది కంట్రిబ్యూషన్ కాదని ఎవరన్నారు!

పక్కదారే గానీ చెప్పకుండా ఉండలేను. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? ఆ అక్షరం మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ క్యారెక్టర్ చేరితే యాప్‌లు టపటపా మూసుకుపోయాయి. ఐఓఎస్ 11.2.6లో యాపిల్ సరిచేసింది. ఆ కోడ్ మూసి ఉంది కాబట్టి, తెలుగొచ్చిన ప్రోగ్రామర్లు ఎంతమంది ఉన్నా బయట నిలబడి చూడాల్సిందే. హార్ఫ్‌బజ్ లాంటి చోట తలుపు తీసే ఉంది. ఆ తలుపు దగ్గర మనం ఎలా ప్రవర్తిస్తున్నాం అన్నదే నా గోల.

సరే, పుల్ రిక్వెస్ట్ దగ్గరికొద్దాం, అంటే ‘నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి’ అని పంపేది. అసలు అపోహ ఇక్కడుంది. పుల్ రిక్వెస్ట్ పంపితే ప్రాజెక్టుకి మేలు చేసేశాం, వాళ్లు థాంక్స్ చెప్పి కలుపుకోవాలి అని మనవాళ్ల లెక్క. మళ్లీ మన బిల్డింగ్‌కే వెళ్దాం. 404 వాళ్లు ఎవరినీ అడక్కుండా ఒక ఆదివారం డాబా మీద సొంత డబ్బుతో రేకుల షెడ్డు వేయించి ‘అసోసియేషన్‌కి మా కానుక’ అన్నారు. షెడ్డు బాగానే ఉంది. వానకి కారితే ఎవరికి ఫోన్ చేస్తారు? మునిసిపాలిటీ వాళ్లొచ్చి పర్మిషన్ ఏదంటే ఎవరు జవాబు చెప్పాలి? 404 వాళ్లు వచ్చే ఏడు బెంగళూరు వెళ్లిపోతారు. షెడ్డు మాత్రం సెక్రటరీ గారి నెత్తినే.

మీరు రాసిన రెండు వేల లైన్ల కొత్త ఫీచర్ ఆ షెడ్డు లాంటిదే. అందుకని పెద్ద పనైతే ముందు ఇష్యూలో అడగండి: ‘ఇలా చేద్దామనుకుంటున్నాను, మీకు సమ్మతమేనా?’ జవాబొచ్చాక రాయండి. చిన్న బగ్ అయితే అడగక్కర్లేదు, సరిచేసి పంపేయండి. ఒక పుల్ రిక్వెస్ట్‌లో ఒకటే మార్పు ఉండాలి. బగ్ సరిచేస్తూ, పనిలో పనిగా ఫైలంతా మీ ఎడిటర్ ఫార్మాటింగ్‌తో సర్దేస్తే రివ్యూ చేసేవాళ్లకి అసలు మార్పు ఎక్కడుందో వెతకడమే ఒక పని.

రెజ్యూమె కోసం రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు పరిచయం రాసే ఫైల్‌లో, కామాలు మార్చేవాళ్ల గురించి చెప్పాలంటే... హాక్టోబర్‌ఫెస్ట్ తెలుసుగా, అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌కి పుల్ రిక్వెస్టులు పంపించే పండగ, 2014 నుంచి డిజిటల్‌ఓషన్ అనే కంపెనీ నడిపిస్తోంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకి టీషర్ట్ అన్నారు. ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని రీడ్‌మీలో ఒక ముక్క చేర్చి పంపినవాళ్లు కోకొల్లలు. అక్టోబర్ మొదటివారంలోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయాల్సొచ్చింది. 2024లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టు రిపోజిటరీకీ (కోడ్ ఉండే చోటుకీ) అదే గతి. ఏదో పాఠంలో ఉదాహరణకి దాన్ని చూపించారట, పిల్లలు తమ పేర్లు రీడ్‌మీలో రాసి గుట్టలుగా పంపారు. లిఫ్ట్ తలుపు మీద తాళంచెవితో పేరు గీసినట్టు. వాటిని ఒక్కొక్కటే మూయడానికి ఎవరి సాయంత్రాలు పోయాయి? సెక్రటరీ గారివే.

ఇప్పుడు గద్దించడం సంగతి. ‘రెండు వారాలైంది, ప్రాజెక్టు చచ్చిపోయిందా?’ లాంటి కామెంట్లు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ప్రాజెక్టు కథ వినే ఉంటారు. దాన్ని లాసె కాలిన్ అనే ఆయన ఖాళీ వేళల్లో చూసుకునేవాడు. 2022లో కొన్ని ఖాతాలు ఆయన్ని పదేపదే పొడిచాయి: ఆలస్యం చేస్తున్నావు, ఇంకొకరికి అప్పజెప్పు అని. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నాడు కూడా. మెల్లగా జియా టాన్ అన్న పేరుతో సాయం చేస్తున్న వ్యక్తి చేతికి అధికారాలు వెళ్లాయి. మోటారు గది తాళాలు ఇచ్చేశారన్నమాట! 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ జియా టాన్ దొంగదారి పెట్టేశాడు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి, ఆ మార్చి 29న బయటపడింది. లేకపోతే ఎన్ని సర్వర్లకి పాకేదో. మామూలు యూజర్లు కసిరినా, దొంగలు కసిరినా ఆ మెయింటెయినర్‌కి ఒకేలా వినపడుతుంది. మీ పుల్ రిక్వెస్ట్‌కి ఒకటి రెండు వారాలు చూసి, ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, చాలు. వాళ్లు వద్దంటే వద్దు. మీకు షెడ్డు కావాల్సిందేనంటే ఫోర్క్ చేసుకోండి, అంటే కోడ్ నకలు తీసుకుని సొంతంగా నడుపుకోండి. లైసెన్స్ ఒప్పుకుంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ‘కంట్రిబ్యూటింగ్’ అనే ఫైలుంటే పూర్తిగా చదవండి, అవి మన అసోసియేషన్ బైలాల్లాంటివి. టెస్టులు మీ మెషీన్‌లో నడిపాకే పంపండి. రివ్యూలో తప్పు చూపిస్తే అది కోడ్ గురించి, మీ ఇంటిపేరు గురించి కాదు. సెక్యూరిటీ లోపం దొరికితే ఇష్యూలో బహిరంగంగా పెట్టకండి. ‘సెక్యూరిటీ’ ఫైల్‌లో ఎవరికి చెప్పాలో రాసి ఉంటుంది.

ఏఐతో రాయించి పంపొచ్చా అంటారా? ప్రాజెక్టు ఏమంటుందో చూడండి. ఒప్పుకున్నా, ప్రతి లైను మీరు వివరించగలిగితేనే పంపండి. ఏఐ అల్లిన ఉత్తుత్తి లోపాల రిపోర్టులతో ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ ప్రాజెక్టు నడిపే డానియెల్ స్టెన్‌బర్గ్ విసిగిపోయి, లోపం చూపించినవాళ్లకి ఇచ్చే బగ్ బౌంటీ డబ్బులే ఆపేశారు.

కోడ్ అంటే ఇంకా టెన్షన్ అయితే, ఇతరులు పెట్టిన బగ్ మీ దగ్గర వస్తోందో లేదో చూసి రాయండి. లేదా అనువాదం చేయండి. ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదం పాంటూన్ అనే సైట్‌లో జరుగుతుంది. మన ఊళ్లోనే స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్లుగా తెలుగు సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. ఎక్కడ చేరినా, ముందువాళ్లు ఏ పదాలు వాడారో ఒకసారి చూసుకుని మొదలెట్టండి. వచ్చే వీడియోలో లైసెన్సుల గొడవ పెట్టుకుందాం.