మూడణాల తోరణం

శ్రోతలందరికీ నమస్కారం.

నా ముందు బల్ల మీద ఒక చిన్న స్టాంపు ఉంది. నిజాం కాలం నాటిది, వెల మూడణాలు. దాని మీద ఉన్న బొమ్మ మీకందరికీ తెలిసిందే, మన వరంగల్ కోటలోని కాకతీయ తోరణం. హైదరాబాద్ సంస్థానానికి అప్పట్లో సొంత తపాలా ఉండేది, 1869 నుంచి సొంత స్టాంపులూ ఉండేవి. ఈ మూడణాల స్టాంపు ఆ సంస్థానం చివరి రోజుల్లో, 1947 ప్రాంతంలో వచ్చింది.

దీన్ని భూతద్దం కింద పెట్టి చూసినప్పుడల్లా నాకు ఒక్కటే ఆలోచన వస్తుంది. ఇంత చిన్న కాగితం మీద ఉన్నవాటిలో ఇప్పుడు లేనివి ఎన్నో! స్టాంపు వేసిన సంస్థానం లేదు. 1948 సెప్టెంబర్‌లో అది భారతదేశంలో కలిసింది. 1950 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర కూడా భారత ప్రభుత్వ స్టాంపులే అతికించడం మొదలైంది. అణా లేదు, 1957లో నయా పైసలు వచ్చాయి. ఈ మూడణాలు లెక్కగట్టిన హాలీ సిక్కా, అంటే నిజాం సొంత నాణెం కూడా పోయింది. ఇక ఆ తోరణం ఏ గుడికి ద్వారంగా కట్టారో ఆ గుడే లేదు. కాకతీయులు స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిపారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యాక గుడి నేలమట్టమైంది. తోరణాలు మిగిలాయి. మీరు కోటకు వెళ్తే ఆ నాలుగింటి మధ్య విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు పరచుకుని కనిపిస్తాయి. ఆ తోరణమే 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది.

చిన్నప్పటి నుంచీ నాకు స్టాంపుల పిచ్చి ఉంది. మొదట్లో రంగు నచ్చితే చాలు, దాచేవాణ్ణి. ఈ మూడణాల స్టాంపు చేతికొచ్చిన తర్వాత నా దారి మారింది. ఇప్పుడు లేనివాటి బొమ్మలున్న స్టాంపులనే వెతుకుతున్నాను. వాటికి ఆల్బమ్ కూడా వేరుగా పెట్టాను.

తోరణంతో పాటు ఆ రోజుల్లోనే ఇంకో స్టాంపు వచ్చింది. దాని మీద హైదరాబాద్ పవర్ హౌస్ ఉంటుంది. హుస్సేన్ సాగర్ పక్కన 1920లో మొదలైన కరెంటు కేంద్రం అది. నగరంలో దీపాలు వెలిగించిన ఆ కట్టడం ఇప్పుడు లేదు. చార్మినార్‌కూ, హైకోర్టుకూ, ఉస్మాన్ సాగర్‌కూ స్టాంపులు వేసిన ప్రభుత్వం ఒక పవర్ హౌస్‌కు కూడా వేసిందంటే, అప్పటివాళ్లకు కరెంటు ఎంత గొప్పగా అనిపించిందో ఆలోచించండి. పోయినదాన్ని తలచుకుని వేసిన స్టాంపు కాదది. ‘మా దగ్గర ఇది ఉంది’ అని సంబరంగా వేసింది. నాకు అలాంటివే ఎక్కువ ఇష్టం.

బయటి దేశాలవీ కొన్ని ఉన్నాయి. అఫ్గానిస్తాన్ తన బామియాన్ బుద్ధుణ్ణి స్టాంపుల మీద ముద్రించింది. కొండను తొలిచి మలిచిన ఆ విగ్రహాలను 2001 మార్చిలో పేల్చేశారు. ఆస్ట్రేలియా 1981లో తెచ్చిన 24 సెంట్ల స్టాంపు మీద టాస్మేనియా పులి ఉంటుంది. వీపు మీద చారలుండే జంతువు అది, కంగారూలా పిల్లను సంచిలో మోసేది. అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల వరసలో ఆ స్టాంపు వేశారు. కానీ మనుషుల సంరక్షణలో బతికిన చివరి పులి 1936 సెప్టెంబర్‌లోనే హోబర్ట్ జూలో చనిపోయింది. అంటే స్టాంపు వచ్చేసరికే నలభై ఐదేళ్లు గడిచాయి. ఇంకా ఎక్కడో అడవిలో ఒకటైనా ఉండకపోతుందా అన్న ఆశ వాళ్లది. ఆ స్టాంపు పట్టుకున్నప్పుడల్లా ఆ ఆశకే నా మనసు కరుగుతుంది.

ఇది వింటున్న పిల్లలకు ఒక మాట చెప్పాలి. స్టాంపును కవరు మీంచి పీకొద్దు. చుట్టూ కాగితం ఉంచి కత్తిరించి, పళ్లెంలో చల్లని నీళ్లు పోసి, బొమ్మ పైకి ఉండేలా అరగంట వదలండి. జిగురు వదిలి తనంతట తానే జారుతుంది. తర్వాత బొమ్మ కిందికి పెట్టి తెల్లకాగితం మీద ఆరబెట్టండి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అన్నం మెతుకులతో స్టాంపులన్నీ నోటుబుక్కులో అతికించాను. ఒక్క వానాకాలం గడిచేసరికి చిమ్మటలు, బూజు కలిసి బుక్కు మొత్తం తినేశాయి. ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. పాత ఉత్తరం దొరికి, దాని మీద మన ఊరి తపాలా ముద్ర స్పష్టంగా ఉంటే మాత్రం స్టాంపును అస్సలు విడదీయకండి. కవరుతో సహా దాచండి. ఊరి పేరు, తేదీ ఉండేది ఆ ముద్రలోనే.

నా ఆల్బమ్‌లో స్టాంపు లేని పేజీ ఒకటి ఉంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు కోసం ఉంచిన పేజీ అది. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు, మూతపడింది, కట్టడాలు కూల్చేశారు. దాని బొమ్మతో స్టాంపు ఎక్కడైనా దొరుకుతుందేమోనని చాలా ఏళ్లు వెతికాను, దొరకలేదు. చివరికి మా ఇంట్లో పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక ఖాళీ కవరు బయటపడింది. మూలన మిల్లు పేరు అచ్చేసి ఉంది. మా మేనమామ అక్కడ మగ్గాల విభాగంలో పనిచేశాడు. తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. నా జేబులోంచి పెన్ను లాక్కుని, ఒక తెల్లకాగితం మీద గీయడం మొదలుపెట్టాడు.

“గీడ గేటుండె అల్లుడా. గీ మూలకు సైరన్. గిది మేం సైకిళ్లు పెట్టే జాగ.”

ఆ కాగితాన్ని కవరు పక్కనే, అదే పేజీలో పెట్టాను.